మొహమాటపడిన గేటు

మా జిల్లాలో మొహం మీద కాదనేవాళ్ళు దొరకటం కష్టం. ఏలూరులో ఎవరింటికైనా వెళ్ళి ఏదైనా సాయం అడిగి చూడండి. చెయ్యగలిగితే "అలాగేనండీ" అంటారు. చెయ్యలేకపోతే "చూద్దామండీ" అంటారు. అసలు చేసే ఉద్దేశమే లేకపోతే కాఫీ తాగి వెళ్ళమని బలవంతం చేస్తారు. ఈ మూడింటికీ తేడా తెలియని బయటి ఊళ్ళవాళ్ళు పాపం నెలల తరబడి తిరుగుతూనే ఉంటారు.

నేను పుట్టింది కామవరపుకోటలో. మెట్ట ఊరు. మా నాన్నగారు మిషన్ స్కూల్లో లెక్కల మేష్టారు, ఆయన దగ్గర తప్పు లెక్కకి సగం మార్కులు వెయ్యటం అనే అలవాటు లేదు. ఆ ఇంట్లో పెరిగి, పెళ్ళి చేసుకుని ఏలూరు వచ్చాక, నా సంగతి చూసి మా అత్తగారు తెగ బెంగపడ్డారు. "ఈ పిల్ల కాదంటే నిజంగానే కాదంటుందండీ" అని పక్కింటావిడ దగ్గర వాపోయారట. ఆ గుణమే తర్వాత నాకు అన్నం పెట్టింది. కంప్యూటర్ల భద్రత అన్న మాటకి మీరు ఎన్ని పేర్లయినా పెట్టుకోండి, చివరికి అది కాదనవలసిన చోట కాదనటమే.

ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలు నన్ను కలిసినప్పుడల్లా ఏదో పెద్ద దాడి గురించి చెప్పమంటారు. ముసుగు వేసుకున్న దొంగలు, అర్ధరాత్రి అలారాలు, అలాంటివి కావాలి వాళ్ళకి. నేను మాత్రం ఒక పట్టపగటి కథ చెబుతాను. ఆ రోజు మా మీద ఎవడూ దాడి చెయ్యలేదు. మంచివాళ్ళూ మర్యాదస్తులూ అయిన నా తోటి ఉద్యోగులే, ఒకరి మనసు ఒకరు నొప్పించకూడదని, తలుపు బార్లా తెరిచిపెట్టారు.

నా ఆఖరి ఉద్యోగం తాడేపల్లిగూడెం శివార్లలో ఒక ఉమ్మడి కంప్యూటర్ కేంద్రంలో. రోజూ ఏలూరు నుంచి రైల్లో వెళ్ళి వచ్చేదాన్ని. ఉల్లిపాయల లారీలు బారులు తీరే రోడ్డు మీదే మా ఆఫీసు ఉండేది. ఎండాకాలంలో ఆ వాసన మా ఏసీ గదుల్లోకి కూడా వచ్చేసేది. సొంతంగా పెద్ద మిషన్లు కొనుక్కోలేనివాళ్ళు మా దగ్గర అద్దెకు వాడుకునేవారు. కొల్లేటి చుట్టుపక్కల చేపల, రొయ్యల రైతుల సంఘం ఒకటి. మేత తయారుచేసేవాళ్ళు కొందరు. రొయ్యలు కొనే కంపెనీ ఒకటి. గమనించారు కదా, అమ్మేవాళ్ళూ కొనేవాళ్ళూ ఒకే మిషన్ మీద కూర్చున్నారు. మాకు జీతాలిచ్చి పెట్టుకున్నది అందుకే.

రైతుల సంఘం మా దగ్గర నడిపించే పని చెబుతాను. చెరువులో రొయ్యల ఫొటోలు, నీటి కొలతలు, మేత ఎంతవరకు తింటున్నాయి అన్న వివరాలు రైతు తన ఫోన్లోంచి పంపుతాడు. మా మిషన్ మీద ఉన్న ప్రోగ్రాం అవన్నీ చూసి, ఇది తెల్లమచ్చ తెగులా, లేక నీళ్ళలో గాలి తక్కువై రొయ్యలు నీరసపడ్డాయా అని చెబుతుంది. మొదట్లో రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి. చెయ్యవలసిన పనులు మాత్రం పూర్తిగా వేరు. తెల్లమచ్చ అయితే ఆ పూటే వలేసి రొయ్యలన్నీ పట్టి అమ్మేసుకోవాలి, ఆలస్యమైతే చెరువంతా చచ్చి తేలుతుంది. గాలి తక్కువైతే నీళ్ళలోకి గాలి కొట్టే ఏరేటర్లు తిప్పుకుంటూ ఓపిక పట్టాలి, తొందరపడి పట్టేస్తే ఎదగని రొయ్య చేతికొస్తుంది.

ఇందులో ఇంకో చిక్కుంది. ఫలానా చెరువులో మచ్చ అనుమానం ఉందట అన్న మాట బయటికి పొక్కిందంటే, ధర ఆ గట్టు మీదే కూలబడుతుంది. కొనేవాడు ఆ దారికి రాడు. వచ్చినా నోటికొచ్చిన రేటు అడుగుతాడు. తర్వాత ఆ అనుమానం ఉత్తదే అని తేలినా ఆ సీజనంతా ఆ చెరువు పేరు చెడినట్టే లెక్క. అందుకని సంఘం వాళ్ళ వివరాలు మా మిషన్లో ఒక తాళం వేసిన గదిలో నడిచేవి. ఇటుకలతో కట్టిన గది కాదు లెండి. మెమరీలో కొంత భాగాన్ని ప్రాసెసరే ఎవరికీ అర్థంకాని రాతలోకి మార్చేసి దాచి ఉంచుతుంది. మిషన్ నడిపే మాకు కూడా లోపల ఏముందో కనపడదు.

అంతవరకు బాగానే ఉంది. కానీ అన్నన్ని ఫొటోల లెక్కలు మామూలు ప్రాసెసర్‌తో తెమలవు. వాటికి యాక్సిలరేటర్ కార్డు అని వేరే ఉంటుంది, అది ఆ గది బయట ఉంటుంది. పట్టుచీర బీరువాలో పెట్టి తాళం వేసుకోవచ్చు, ఇస్త్రీకి మాత్రం బయటికి ఇవ్వక తప్పదు. ఇచ్చే ముందు ఎవరి చేతికి ఇస్తున్నామో చూసుకోవాలి కదా. అందుకే గదిలోంచి వివరాలు కార్డులోకి వెళ్ళే ముందు కార్డు తన గుర్తింపు చూపించుకోవాలి. తను ఎవరి తయారీ, లోపల నడుస్తున్న ప్రోగ్రాం అసలుదేనా, తన తలుపులు మూసి ఉన్నాయా తెరిచి ఉన్నాయా అన్న ప్రశ్నలకు, కార్డు లోపలే దాగి ఉన్న ముద్రతో సంతకం పెట్టి జవాబివ్వాలి. ఆ సంతకాన్నీ జవాబుల్నీ సరిచూసి దారి ఇచ్చే ప్రోగ్రాంని మేం గేటు అనేవాళ్ళం. అన్నీ సరిగ్గా ఉంటే ఆకుపచ్చ. ఒక్కటి తేడా వచ్చినా ఎరుపు. ఎరుపొస్తే పని ముందుకు కదలదు.

ఆ గేటు మా ముగ్గురి కష్టం. నియమాలు నావి. వాటిని ప్రోగ్రాంగా రాసింది పెంటపాడు అమ్మాయి. వరి పొలాల మధ్య పుట్టి పెరిగిన పిల్ల, మాట ఎంత మెత్తనో బుర్ర అంత పదును. కార్డులూ కేబుళ్ళూ చూసేది ఏలూరు తివాచీలాయన. వాళ్ళ పెద్దలు తరతరాలుగా తివాచీలు నేసినవాళ్ళు కాబట్టి ఆ పేరు మేం పెట్టాం, ఆయన కూడా సంతోషంగానే పలికేవారు. చిక్కుపడ్డ కేబుళ్ళ ముందు ఆయన కూర్చుంటే చూడ ముచ్చటేసేది. అరగంట సేపు చూస్తారు, ఒక్కటి లాగుతారు, అంతా విడిపోతుంది. ఇక మా మేనేజరు గారు. ఏలూరు మనిషి. ఆయన సర్వీసులో ఎవరినీ కాదన్న దాఖలా లేదు. ఆఫీసుకి చందాలడగటానికి వచ్చినవాళ్ళు కూడా ఆయన క్షేమం కనుక్కుని వెళ్ళేవారు. రైల్లో కిటికీ పక్క సీటు దొరికితే ఎవరో ఒకరికి ఇచ్చేసి ఏలూరు దాకా నిలబడే వచ్చేవారు. ఆయన్ని నేను ఎంత ఆటపట్టించానో, అంత గౌరవించాను కూడా.

ఆ రోజుల్లోనే ముదినేపల్లి వైపు నుంచి ఒకావిడ మా కేంద్రానికి వచ్చింది. భర్తతో కలిసి లీజు చెరువుల్లో రొయ్యలు పెంచుతోంది. గట్టు మీద పని ఇద్దరిదీ, బయట వ్యవహారాలన్నీ ఈవిడవి. సంఘంలో చేరేముందు తన కళ్ళతో చూసుకుని వెళ్దామని, భీమవరంలో బస్సు మారి మరీ వచ్చింది. నా ఎదుట కుర్చీ అంచు మీద కూర్చుంది.

"ఏవండీ మేడం గారూ, మా చెరువు సంగతులు మీ మిషన్లో పెడితే బయటోళ్ళకి తెలీదు కదండీ?"

"తెలీదండి."

"కొనేవోళ్ళు కూడా ఇక్కడే వాడుకుంటారంట కదండీ?"

"వాడుకుంటారండి. వాళ్ళ పని వాళ్ళది. మీ గదిలోకి వాళ్ళకి దారి లేదు."

"మరి మీకండీ?"

"మాక్కూడా తెలీదండి. మీకు తప్ప ఈ భూమ్మీద ఎవరికీ తెలీదు."

ఆవిడ నా మొహం కాసేపు పరీక్షగా చూసింది. "మీరు ఇక్కడోళ్ళు కాదాండీ? అంత గట్టిగా చెబుతున్నారూ" అంది. మెట్ట మనిషినని చెప్పాను. "అదీ!" అని నవ్వి, "అయితే మీ మాట మీదే పెడుతున్నానండి" అని లేచింది. భద్రత మీద ఎన్ని ప్రమాణ పత్రాలు వచ్చాయో నాకు ఇప్పుడు గుర్తులేవు గానీ, ఆవిడ అన్న ఆ మాట గుర్తుంది.

ఇక ఆ రోజు సంగతి. మబ్బు పట్టి, గాలి లేక ఉక్కపోస్తున్న ఉదయం. అలాంటి ఉదయం చెరువు నీళ్ళలో గాలి తగ్గిపోతుందని రొయ్యల రైతులకి భయం. నేను రైలు దిగి ఆఫీసుకి వచ్చేసరికి ముదినేపల్లి ఆవిడ బెంచీ మీద కూర్చుని ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"రొయ్య చెరువు అంచుకి వచ్చేస్తందండి. మేత ముట్టట్లేదు. గాలికో మచ్చకో తెలట్లేదు. ల్యాబుకి పంపాం గానీ రిపోర్టు ఈరోజు రాదంట. అక్కడ ఫోనుకి నెట్టు అందట్లేదు, ఫొటోలన్నీ తీసుకుని నేనే వచ్చేశానండి."

అంటే పంట మొత్తం ఆ రోజు తేలే జవాబు మీద ఉంది. ఆవిడ అక్కడే కూర్చుని తన ఫోన్లోంచి ఫొటోలు పంపించింది. పని వరసలో పడింది. కార్డు మీద ముందునుంచీ కొనే కంపెనీ వాళ్ళ పెద్ద పని ఒకటి నడుస్తోంది. దాన్ని కాసేపు ఆపి, మధ్యలో రైతుల పనికి కార్డు ఇవ్వటం మా దగ్గర మామూలే. ఆ పూర్తి రక్షణ ఉన్న కార్డు మా దగ్గర ఒక్కటే ఉండేది మరి.

నేను నా బల్ల దగ్గరకు వెళ్ళి గేటు తెర చూశాను. ఆకుపచ్చ. ఆ ఆకుపచ్చ కింద పసుపు రంగులో ఒక గీత. మేం చేసిన గేటులో పసుపు రంగన్నదే లేదు. ఆ గీత పక్కన చిన్న అక్షరాలతో ఇలా ఉంది: "కార్డు పరీక్ష మోడ్‌లో ఉన్నది. దయచేసి గమనించగలరు."

గమనించాను. వెంటనే వరసలో ఉన్న పనులన్నీ ఆపేశాను.

పరీక్ష మోడ్ అంటే ఏమిటో చెప్పాలి. కార్డు ఎంత వేగంగా పనిచేస్తోంది, ఎక్కడ ఆలస్యమవుతోంది అని కొలవాలంటే లోపలికి తొంగిచూడాలి. అలా చూడటం కోసం కార్డు తన తలుపులన్నీ తెరిచి ఉంచే పద్ధతి అది. తయారుచేసేటప్పుడు, బాగుచేసేటప్పుడు అవసరమే. ఆ సమయంలో కొలిచే పనిముట్టు ఎవరి చేతిలో ఉంటే వాళ్ళకి కార్డులో జరిగేదంతా కనపడుతుంది. ఆ రోజు ఆ పనిముట్టు ఎవరి చేతిలో ఉందో తెలుసా? మా అతిథుల గదిలో కూర్చుని ఉన్న కొనే కంపెనీ ఇంజినీర్ల చేతిలో. ఇంకొన్ని నిమిషాలు నేను చూడకపోతే, ఆవిడ చెరువు కొనేవాళ్ళ కళ్ళముందు పరుచుకునేది.

పెంటపాడు అమ్మాయి సీటు దగ్గరకు వెళ్ళాను. "ఈ పసుపు ఎక్కడిది?"

ఆ పిల్ల లేచి నిలబడింది. "మేడం... మొన్న మీరు మీ ఊరు పెళ్ళికి వెళ్ళారు కదా. అప్పుడు జిల్లా నుంచి ఒక పెద్దాయన చూడటానికి వచ్చారు. ఆయన ముందు ఒక పని నడిపి చూపిద్దామనుకుంటే గేటు ఎరుపు చూపించేసింది. కార్డుకి ఏదో పరీక్ష జరుగుతోంది అప్పుడు. ఆయన అలా నిలబడిపోయారు. మేనేజరు గారికి చాలా ఇబ్బందైపోయింది. ఇంటికొచ్చిన మనిషిని గుమ్మంలో నిలబెడతామా తల్లీ, కాస్త మెత్తగా చెప్పేలా రాయొచ్చు కదా అన్నారు. అందుకని ఆపకుండా, ఊరికే హెచ్చరించి వదిలేలా..."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే మీరు కాదంటారు కదా మేడం. మళ్ళీ మేనేజరు గారు బాధపడతారు. మీరు వచ్చాక మెల్లగా మార్చేద్దామనుకున్నాను."

చూశారా? ఆయన్ని నేను కాదనవలసిన అవసరం రాకుండా నన్ను కాపాడింది ఆ పిల్ల. నేను కాదంటే విని బాధపడవలసిన అవసరం రాకుండా ఆయన్నీ కాపాడింది. అందరినీ కాపాడగా మిగిలినది ముదినేపల్లి ఆవిడ చెరువొక్కటే. ప్రపంచంలో ఇంకెక్కడైనా గేటు పాడైతే చేతకాకో నిర్లక్ష్యం వల్లో పాడవుతుంది. మా గేటు మొహమాటం వల్ల పాడైంది. వచ్చినవాడి గుర్తింపు తప్పని తెలిసి కూడా, దయచేసి గమనించగలరు అని మెల్లగా గొణిగి, పక్కకి తప్పుకుని దారి ఇచ్చింది. అచ్చం మా ఏలూరు మనిషిలాగే తయారుచేశారు దాన్ని.

తివాచీలాయన్ని పిలిచాను. కార్డుని పరీక్ష మోడ్‌లో ఎందుకు ఉంచారని అడిగితే, కంపెనీ ఇంజినీర్లు తమ పని వేగం కొలుచుకుంటామని అడిగారన్నారు. నిన్ననే ఇచ్చారట, అప్పటి నుంచి అదృష్టం కొద్దీ రైతుల పని ఏదీ దాని మీదకి రాలేదు.

"నిన్నే తీసెయ్యాలి కదండీ?"

"ఇంకొంచెం సేపు, ఇంకొంచెం సేపు అంటున్నారండి. పెద్దోళ్ళు. ఎలా కాదంటామండీ?"

నేను ఒంటికాలి మీద లేచాను. ఆ గదిలో ఏసీ గాలికన్నా నా గొంతే ఎక్కువ వినిపించి ఉంటుంది. అది విని మేనేజరు గారు వచ్చారు. విషయం వింటూనే కుర్చీలో కూర్చుండిపోయారు.

"ఇప్పుడు ఆపితే ఆవిడకి ఎంత ఇబ్బందండీ మేడం గారూ. పంట పోద్దేమో. ఒక్కసారికి నడిపించేద్దాం. ఆ ఇంజినీర్లు మంచోళ్ళండి, చూడరు."

"చూడరని మీరు హామీ ఇస్తారా?"

జవాబు కోసం ఆగకుండా నేను బయటికి వెళ్ళాను. ఆవిడ ముందు కూర్చున్నాను. మేనేజరు గారు నా వెనకే వచ్చి, నేనేం చెయ్యబోతున్నానో అర్థమై, వద్దన్నట్టు చెయ్యి ఊపుతున్నారు. సంస్థ లోపాన్ని బయటి మనిషికి చెప్పటం ఆయన దృష్టిలో ఇంటి గుట్టు వీధిలో పెట్టటమే.

"ఏవండీ, మీకు ఒక మాట ఇచ్చాను. ఇప్పుడు నడిపిస్తే మీ జవాబు వెంటనే వస్తుంది. కానీ కొనేవాళ్ళకి కనపడదని నేను చెప్పలేను. మావాళ్ళు తలుపు తెరిచి ఉంచేశారు. మూసి నడిపించాలంటే కొంత ఆలస్యమవుతుంది. ఎంతసేపో నేను కచ్చితంగా చెప్పలేను. మీరేం చెయ్యమంటే అది చేస్తాను."

ఫోన్లో భర్త ఏదో గట్టిగా అడుగుతున్నాడు, ఆవిడ ఫోను ఒళ్ళో బోర్లా పెట్టేసింది. ఆవిడ చేతులు చూశాను. చెరువులో సున్నం చల్లి చల్లి వేళ్ళ చివర్లు పగిలి ఉన్నాయి. నేను ఇచ్చిన మాట ఎంత బరువైందో అప్పుడు తెలిసింది నాకు. నా మీద నాకు చిరాకు కూడా వచ్చింది. అంత గొప్పగా మాట ఇవ్వకుండా నేనూ అందరిలా చూద్దామండీ అని ఉంటే ఎంత హాయిగా ఉండేది!

"మూసే నడిపించండి మేడం గారూ" అంది ఆవిడ చివరికి. "రొయ్య పోతే ఈ ఒక్క పంటే పోద్ది. మాట బయటికి పోతే చెరువే పోద్దండి."

మూయాలంటే కంపెనీ వాళ్ళ పనిని తీసెయ్యాలి. నిన్నటి నుంచి నడుస్తున్న పని, కాసేపు ఆపినట్టు కాదు, తీసేస్తే మళ్ళీ మొదటికి వస్తుంది. ఆ మాట వాళ్ళకి చెప్పాలి. నేను అతిథుల గదివైపు నడిచాను. మేనేజరు గారు అడ్డం వచ్చారు.

"మీరొద్దండీ. మీరు చెబితే యుద్ధమే అయిపోద్ది. వాళ్ళని రమ్మన్నది నేను. నేనే చెబుతానండి."

ఆయన లోపలికి వెళ్ళారు. తలుపు అద్దంలోంచి చూస్తున్నాం. మొదట నవ్వారు. వాళ్ళూ నవ్వారు. కాఫీ తెప్పించారు. నాకు తల కొట్టుకోవాలనిపించింది. ఈయన కాఫీ తాగించి, క్షేమం కనుక్కుని, ఇంకొంచెం సేపు ఉండమని చెప్పి వచ్చేస్తారని నేను నిశ్చయించేసుకున్నాను. ఇంతలో వాళ్ళలో ఒకడి నవ్వు ఆగిపోయింది. కప్పు కింద పెట్టేశాడు. మేనేజరు గారు రెండు చేతులూ జోడించారు. జోడించిన చేతులు అలాగే ఉంచి, తల మాత్రం అడ్డంగా ఊపారు. ఇంకోసారి ఊపారు. బయటికి వచ్చాక చూస్తే చొక్కా వీపుకి అంటుకుపోయి ఉంది.

"ఏమన్నారండీ?" అని అడిగాను.

"కాదన్నానండి" అన్నారు, ఆయనకే నమ్మకం కలగనట్టు.

ఈలోగా పెంటపాడు అమ్మాయి గేటులోంచి పసుపు పీకేసి మళ్ళీ ఎరుపు పెట్టింది. తివాచీలాయన మిషన్ రీస్టార్ట్ చేశారు. అందరం తెర ముందు నిలబడ్డాం. ముదినేపల్లి ఆవిడ అద్దం అవతల నిలబడి మా మొహాలే చూస్తోంది.

ఎరుపు.

తివాచీలాయన మళ్ళీ రీస్టార్ట్ చేశారు. మళ్ళీ ఎరుపే. కార్డు తన పాత మోడ్‌లోనే నిద్రలేస్తోంది. తలుపులు ఇంకా తెరిచే ఉన్నాయని నిజాయితీగా సంతకం పెట్టి మరీ చెబుతోంది. అద్దం అవతల ఆవిడ ఫోను చెవిదగ్గర పెట్టుకుంది. ఏం విందో, కళ్ళు మూసుకుంది. కంపెనీ ఇంజినీర్లు అప్పటికే సంచులు సర్దుకుని మెట్లు దిగిపోయారు. పనిముట్టు ఎవరి చేతిలోనూ లేదు. మరి ఎవరు చూస్తారు? పిల్లలూ, ఇది మీరు బాగా వినండి. కాదనటమే వృత్తిగా బతికిన నాకు కూడా, ఆ క్షణాన, ఒక్కసారికి వదిలేద్దామా అన్న మాట నోటిదాకా వచ్చింది. నోటిదాకా ఏమిటి, బయటికే వచ్చేసింది.

"ఒక్కసారికి..." అన్నాను.

పెంటపాడు అమ్మాయి నావైపు తిరిగింది. "మీరు చెప్పినా ఇది వదలదు మేడం. ఇందాక అలా రాసేశాను. నేను చెప్పినా వదలదు."

ఆ పిల్ల నన్ను కాదనటం అదే మొదటిసారి. నాకు కోపం రావలసిన చోట గర్వం వచ్చింది. నోరు మూసుకున్నాను.

తివాచీలాయన కిందకి వంగి కార్డు ముందు మోకాళ్ళ మీద కూర్చున్నారు. ఆ కూర్చోవటం చూడగానే నాకు కాస్త ధైర్యం వచ్చింది. ఆయన ఒక్కో కేబులూ చూసుకుంటూ వచ్చారు. "రీస్టార్ట్ చేస్తే కార్డుకి కరెంటు పోవట్లేదండి. మోడ్ మార్చి, మొత్తం ఆపి, కరెంటు తీసి పెట్టాలి. కంగారులో మర్చిపోయాను" అన్నారు. మోడ్ మార్చారు. మిషన్ మొత్తం ఆపేశారు. గదిలో ఎప్పుడూ ఆగని ఫ్యాన్ల హోరు ఆగిపోయింది. బయట లారీవాళ్ళ కేకలు లోపలికి వినిపించాయి. ప్లగ్గు తీసి, కాసేపు ఉంచి, పెట్టారు.

మిషన్ మళ్ళీ లేవటానికి పట్టే సమయం నాకెప్పుడూ అంత పొడుగ్గా అనిపించలేదు. కార్డు తన గుర్తింపు చూపించింది. సంతకం సరిపోయింది. ప్రోగ్రాం అసలుదే. తలుపులు మూసి ఉన్నాయి. ఆకుపచ్చ వచ్చింది, దాని కింద ఏ గీతా లేదు. మేనేజరు గారు తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నారు. చెమటే అన్నారు.

ఆవిడ పని కార్డు మీదకెళ్ళి, నడిచి, ముగిసింది. లోపల ఏ ఫొటో వెళ్ళిందో, ఏ లెక్క జరిగిందో మాకు ఒక్క అక్షరం కనపడలేదు. పని పూర్తయింది అన్న ఒక్క మాట మాత్రం వచ్చింది. జవాబు తిన్నగా ఆవిడ ఫోన్లోకి పోయింది. అద్దం అవతల ఆవిడ తెర చూసుకుంది. మేం నలుగురం ఆవిడ మొహం చూశాం. ఆ మొహంలో ఏమీ దొరకలేదు. భర్తకి ఫోను చేసి, మాకు వినపడనంత మెల్లగా రెండు ముక్కలు చెప్పింది. లోపలికి వచ్చి నా చేతులు పట్టుకుంది. ఆ పగిలిన వేళ్ళు గరుగ్గా తగిలాయి.

"వెళ్ళొస్తానండి. బస్సుంది" అంది.

మేనేజరు గారు అలవాటు కొద్దీ ఏమొచ్చిందండీ అని అడగబోయారు. అడగబోయి ఆగారు. "భోంచేసి వెళ్ళండి" అన్నారు. ఆవిడ ఆగలేదు.

ఆ తర్వాత జరిగింది కొంత చెప్పాలి. కంపెనీ వాళ్ళు కొన్నాళ్ళు మామీద అలిగారు. మేనేజరు గారికి పై నుంచి మాట వచ్చింది. ఆయన చెప్పవలసిన సమాధానం చెప్పారు, ఈసారి కాఫీ ఇవ్వకుండా. గేటులో ఎవరైనా ఏదైనా మార్చాలంటే మా ముగ్గురి ఒప్పుదలా ఉండాలని నియమం పెట్టాం. ఒకరికి మొహమాటం వచ్చినా మిగతా ఇద్దరికీ రాకపోవచ్చు కదా అని. మరి నిజంగానే మచ్చ అయితే పక్క చెరువుల వాళ్ళకి తెలియొద్దా అని మీలో కొందరు అడుగుతారు. తెలియాలి. దానికి సంఘంలో వాళ్ళ నియమం వాళ్ళకుంది, రైతే తన నోటితో చెప్పాలి. చెప్పటం వేరు, దొంగచాటుగా చూసేయటం వేరు. మా గేటు ఆపినది రెండోదాన్ని.

ఆ రోజు ఏం జవాబు వచ్చిందో మాత్రం నాకు తెలియలేదు. ఎవరి ద్వారానైనా కనుక్కోవటం పెద్ద కష్టమేమీ కాదు, కానీ అడగలేదు. ఈమధ్యే నేను రిటైరయ్యాను. అది తెలిసి ఆవిడ ఐసు పెట్టెలో రొయ్యలు పంపించింది, ఏలూరు బస్సులో వేసి. మా ఇంట్లో వేపుడు వాసన వీధి చివరి దాకా వెళ్ళింది. తిన్నాక ఆవిడకి ఫోను చేశాను. కుశలాలయ్యాయి. ఇక ఉద్యోగం లేదు, నియమాలూ లేవు, అడిగితే తప్పేముందిలే అనుకున్నాను.

"ఏవండీ, ఆ రోజు ఏమొచ్చిందండీ? మచ్చా, గాలా?"

అవతల నవ్వు వినిపించింది, పక్కన ఏరేటర్ల చప్పుడుతో కలిసి.

"మీకు కూడా తెలీదని మీరే కదండీ మాటిచ్చారు మేడం గారూ. ఇప్పుడు నేను చెబితే మీ మాట పోదాండీ?"